పసిచేతిలో మంత్రం

మంత్రాల కథలు పిల్లల చేతికి ఇవ్వవచ్చునా అనే ప్రశ్న అభ్యుదయవాదుల మధ్య తరచు వస్తూ వుంటుంది. ఇవ్వరాదనే మిత్రులు చెప్పే కారణం ఒకటే: మంత్రం శ్రమకూ ఫలితానికీ గల సంబంధాన్ని తెంచివేస్తుంది, మూఢవిశ్వాసాన్ని పెంచుతుంది. ఈ వాదం నాకు పూర్తిగా సమ్మతం కాదు. హేతువాదంలో మనలో ఎవరికీ తీసిపోని కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించేదాకా చందమామ బాధ్యత మోశాడు. ఆ పత్రిక నిండా భేతాళులూ మాంత్రికులూను. ఆయనకు ఆమాత్రం తెలియదనుకోవాలా?

మంత్రం అబద్ధమని పిల్లలకు మనం చెప్పనక్కరలేదు. కథలోని నిజం వేరేచోట వుంటుంది. ప్రమాదకరమైన శక్తి ఒక పసివాడి చేతిలో పడింది సరే, దాన్ని అక్కడ పెట్టినవాడెవడు? లాభం ఎవరికి, నష్టం ఎవరికి? నేను అడగదలచుకున్నది ఇది.

అల్లావుద్దీను కథనే చూడండి. 1709లో పారిస్‌లో హన్నా దియాబ్ అనే సిరియా యువకుడు చెప్పగా గాలండ్ అనే ఫ్రెంచి పండితుడు విని రాసుకున్న కథ అది. పాతబస్తీలో నేను పాఠం చెప్పే తరగతిలో, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారికీ తెలుగు మాట్లాడేవారికీ సమానంగా తెలిసిన కొద్ది కథలలో అదొకటి. దీపం అందరికీ గుర్తుంటుంది. పినతండ్రినని చెప్పి వచ్చిన మాంత్రికుడి లెక్క మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఆ రాతిపలకను తాను ముట్టరాదు, గుహలోకి తాను దిగరాదు. అందుకొక చెయ్యి కావాలి. తండ్రి చచ్చిన దర్జీ కొడుకు దొరికాడు. పోయినా అడిగేవాడు లేడు. దీపం ముందు ఇవ్వననేసరికి పిల్లవాణ్ణి లోపలే వుంచి రాయి మూసేశాడు.

ఇది కల్పన అని తోసిపుచ్చేవారు మా వీధులు చూడాలి. 2015 జనవరిలో పోలీసులు పాతబస్తీలో సోదాలు జరిపి గాజుల కార్ఖానాల నుంచి 200కు పైగా పిల్లలను బయటికి తెచ్చారు. ఎక్కువమంది బీహారునుంచి తెచ్చిన పేదపిల్లలు. లాడ్ బజారులో దీపాల వెలుగున మెరిసే గాజుల వెనుక ఆ గదులున్నాయి. చిన్న వేళ్ళకైతే రాళ్ళు చక్కగా అమరుతాయట! ఈ మాట మెచ్చుకోలుగా అన్నవారిని నేను విన్నాను. మాంత్రికుడు కూడా అల్లావుద్దీనును ఇలాగే మెచ్చుకుని వుంటాడు.

మా విద్యార్థులు ఇంగ్లీషు నవలలు కూడా చదువుతున్నారు. వాటిలో పుట్టుకతోనే గొప్ప శక్తి గల బాలుణ్ణి చూస్తే నాకు కొంచెం అనుమానం. పుట్టుక గొప్పదనే మాట మనం చాలా విన్నాం. ఉర్సులా లెగ్విన్ 1968లో వెలువరించిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' నయం. అందులో కమ్మరి కొడుకు మేకలు కాస్తూ, తల్లి తోబుట్టువు నోట విన్న మాటలు వల్లిస్తాడు. మేకలన్నీ వచ్చి చుట్టూ మూగుతాయి. వాడి శక్తి చూడగానే ఆ మంత్రగత్తె వాణ్ణి తన సేవకు కట్టివేయాలని చూస్తుంది. లెగ్విన్ అసలు సంగతి పట్టుకున్నది. అయితే తరువాత నవలంతా ఆ పిల్లవాడి గర్వం, వాడు లోకంలోకి వదలిన నీడ, ఆ నీడతో వాడి పోరాటమే. పెద్దల సంగతి వెనకబడింది.

ఇంతకంటే నిక్కచ్చిగా చెప్పిన కథ మన ఇంట్లోనే వున్నది. కుంతి కథ. శూరుడు తన కూతురు పృథను కుంతిభోజుడికి ఇచ్చేశాడు. బంతి ఆడుకునే వయసులో తనను, ధనవంతుడు సొమ్ము దానం చేసినట్టు, ఇచ్చేశాడని ఉద్యోగపర్వంలో ఆమె కృష్ణుడితో వాపోతుంది. పెంచిన తండ్రి ఆమెను దుర్వాసుని సేవలో పెట్టాడు. అతిథి కోపిష్ఠి అని తెలిసే పెట్టాడు. ఏడాది చాకిరీ తరువాత ముని వరమిస్తానంటే ఆమె వద్దన్నదని అరణ్యపర్వం చెబుతుంది. అయినా మంత్రం ఇచ్చాడు. రెండవసారి కాదంటే శపిస్తాడని భయపడి తీసుకున్నది. ఒక పిల్ల చేతిలో దేవతలను రప్పించే శక్తి పెట్టి ఆయన తన దారిన పోయాడు.

పిల్ల కుతూహలపడింది. సూర్యుడు వచ్చాడు. పొమ్మని బతిమాలితే, నిన్నూ నీ తండ్రినీ మంత్రమిచ్చినవాణ్ణీ శపిస్తానన్నాడు. ఆ తరువాత పెట్టె, నది. బిడ్డ కొట్టుకుపోయి సూతుడి ఇల్లు చేరాడు. విలువిద్యలో సాటిలేనివాడు కులమేమిటని సభలో నిలదీయబడ్డాడు. ఒక పిల్ల మంత్రం జపించి చూసినందుకు మరొక పిల్లవాడు జీవితమంతా చెల్లించాడు.

యుద్ధం ముగిసి కర్ణుడెవరో తెలిసినప్పుడు ధర్మరాజు ఎవరిని తప్పు పట్టాడు? రహస్యం దాచిందని తల్లిని. అక్కడితో ఆగక, స్త్రీల నోట రహస్యం దాగకుండు గాక అని లోకంలోని ఆడవాళ్ళందరినీ శపించాడు. ఆడదాని నోట నువ్వుగింజ నానదని ఈనాటికీ వేళాకోళం చేసేవారికి ఆ శాపం ఒక సాకు. ఆ పద్దెనిమిది పర్వాలలో దుర్వాసుని సంజాయిషీ అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మేమూ ఏటా 'కుంతి పాత్రను విమర్శింపుడు' అని ప్రశ్న ఇస్తున్నాం. గత సంవత్సరం ఒక విద్యార్థిని ఆ ప్రశ్న కొట్టివేసి, దాని స్థానంలో దుర్వాసుని పాత్ర అని రాసుకుని, నాలుగు పేజీల జవాబు రాసింది. అడిగిన ప్రశ్నకు జవాబు కాదు గనుక మార్కులు వేయడానికి వీలులేదని నాతోపాటు దిద్దే మిత్రుడి వాదం. నేను వేశాను.