పిలుపు మనిషిది, పరుగు గుర్రానిది

మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం జూదాన్ని రెండుగా విడదీస్తుంది: పాచికల వంటి ప్రాణం లేని వస్తువులతో ఆడేది ద్యూతం, ప్రాణులను పోటీకి దింపి పందెం ఒడ్డేది సమాహ్వయం. మనువు ఈ రెంటినీ రాజు తన రాజ్యంలో సాగనివ్వరాదని చెప్పగా, యాజ్ఞవల్క్య స్మృతి సభికుడి, అంటే జూదశాల నడిపేవాడి, ఆధ్వర్యంలో రాజుకు భాగం చెల్లించే పద్ధతిలో అనుమతించి, అవే నియమాలు ప్రాణుల పందేలకూ వర్తిస్తాయని నిర్ణయించింది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యానాన్ని ఆధారం చేసుకొని 13వ శతాబ్దంలో కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయం రచించాడు కనుక, ఈ స్మృతి తెలుగువారి విచారంలోకి వచ్చి ఏడు వందల ఏళ్లు దాటింది. అయితే ఆ నియమాలు పందెం సొమ్మును గురించి పట్టించుకున్నంతగా పందెంలో దిగిన ప్రాణిని గురించి పట్టించుకోలేదు. ఆ లోటును సమాహ్వయమనే పదమే ఎత్తిచూపుతుంది. ఆహ్వానం పుట్టిన ధాతువు నుంచే పుట్టిన ఈ మాటకు పిలుపు, సవాలు అని అర్థం. ఆ సవాలు విసిరేదీ అందుకొనేదీ మనుషులే కాగా, పోరాడవలసినదీ పరుగెత్తవలసినదీ ఆ పిలుపు అందని మూగజీవి. పిలుపు అందని ప్రాణిని ప్రమాదంలోకి నడిపించడానికి మనిషికి ఉన్న అధికారం ఎంత అన్నదే ఇక్కడి ధర్మసందేహం.

ఈ సందేహాన్ని నిగ్గుతేల్చడానికి ఇంగ్లండ్, ఐర్లండ్ పల్లెల్లో వేట క్లబ్బులు జరిపే పాయింట్-టు-పాయింట్ గుర్రప్పందేలు తగినవి, ఎందుకంటే మనిషి తరఫు వాదం అక్కడ ఉన్నంత బలంగా మరో పందెంలో కనిపించడం అరుదు. 1752లో ఐర్లండ్‌లోని కార్క్ ప్రాంతంలో ఎడ్మండ్ బ్లేక్, కార్నీలియస్ ఓ కల్లఘన్ అనే ఇద్దరు బటెవంట్ చర్చి నుంచి డోనరెయిల్ చర్చి దాకా, దాదాపు నాలుగున్నర మైళ్లు, దడులూ గుంటలూ రాతిగోడలూ దాటుకుంటూ గుర్రాలను పరుగెత్తించారని చెబుతారు. దూరం నుంచి కనిపించే చర్చి శిఖరాన్ని గురిగా పెట్టుకోవడం వల్ల ఆ రకం పందేనికి, శిఖరం పేరు మీదుగా, స్టీపుల్‌చేజ్ అన్న పేరు స్థిరపడింది. వేటకుక్కల వెంట నక్కను తరిమే క్లబ్బులు వేటగుర్రాల సత్తా తేల్చుకోవడానికి ఇదే పద్ధతిని అనుసరించాయి; ఇప్పుడు ఆ పందేలు ఏదో ఒక రైతు పొలంలో జెండాలు పాతి గుర్తించిన దారిలో, మామూలుగా మూడు మైళ్ల దూరం, బిర్చి కొమ్మలు కట్టగట్టి నిలబెట్టిన కంచెల మీదుగా సాగుతాయి. గుర్రం ఎక్కే రౌతులు జీతం కోసం స్వారీ చేసేవారు కారు. వారిలో పొలం పని చేసుకొనేవారూ, ఆ ఊళ్లలోనే పెరిగిన యువతీ యువకులూ కనిపిస్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో కుక్కలతో నక్కల వేటను 2004 నాటి చట్టం నిషేధించి, 2005 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చినా, క్లబ్బులూ వాటి పందేలూ నిలిచే ఉన్నాయి.

పల్నాటి చరిత్రలో రాజ్యాన్నే ఒడ్డిన కోడిపందెంలోనైనా, సంక్రాంతి నాడు కోస్తా పల్లెల్లో కత్తి కట్టి వదిలే పుంజు విషయంలోనైనా, సవాలు విసిరినవాడు బరి బయట నిలబడతాడు, నెత్తురు కోడిది మాత్రమే. పాయింట్-టు-పాయింట్‌లో సవాలు అందుకొన్న మనిషి తన శరీరంతోనే బరిలోకి దిగుతాడు, గుర్రం కూలితే అతడూ కూలుతాడు, వెన్నెముక విరిగి జీవితమంతా మంచాన పడిన రౌతులూ ఉన్నారు. ఈ తేడా చిన్నది కాదు. ఇతరుల ప్రాణాన్ని ఒడ్డి తాను సురక్షితంగా ఉండేవాడికీ, ఒడ్డిన ప్రాణంతో పాటు తనను తానూ ఒడ్డేవాడికీ మధ్య నైతికంగా ఎంతో దూరముంది. అయినా ఆ సాహసం రౌతును గౌరవించడానికి కారణమవుతుందే తప్ప, గుర్రం తరఫున అతడు ఒప్పందం చేయడానికి హక్కు కాదు.

క్రైస్తవ లోకం కూడా ఈ విషయంలో ఒక్క మాట మీద నిలవలేదు. డెవన్‌లోని జాన్ రస్సెల్ (1795–1883) వంటి మతగురువులు వేటగుర్రం మీదే పేరు తెచ్చుకోగా, అంతకుముందే 1781లో మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ, సృష్టి అంతటికీ కలిగే విముక్తిలో పశువులకూ భాగముందని ఒక ప్రసంగంలో వాదించాడు. మతానికి వెలుపల, 1789లో తత్త్వవేత్త జెరెమీ బెంథమ్ ప్రాణికి తర్కం ఉన్నదా, భాష ఉన్నదా అని కాక, బాధపడగలదా అని అడగాలని సూచించాడు. గుర్రం బాధపడుతుందన్నది నేడు వివాదం కాదు. దాదాపు అయిదు వందల కిలోల బరువును సన్నని నాలుగు కాళ్ల మీద మోసే ఈ జంతువు ఎక్కువ కాలం పడుకొని ఉండలేదు, ఒక కాలు విరిగితే మిగిలిన కాళ్ల మీద పడే భారం గిట్టలను పాడుచేస్తుంది. అందుకే తీవ్రంగా ఎముక విరిగిన గుర్రం చుట్టూ తెరలు నిలబెట్టి, పశువైద్యుడు అక్కడే దాని ప్రాణం తీయవలసి వస్తుంది.

పరుగు గుర్రానికి ఇష్టమేనని చెప్పేవారు, రౌతు పడిపోయిన తర్వాత కూడా ఖాళీ జీనుతో మిగిలిన గుర్రాల వెంట దూకుతూ సాగే గుర్రాన్ని సాక్ష్యంగా చూపుతారు. ఆ సాక్ష్యంలో కొంత సత్యముంది. అయితే గుర్రం మందగా బతికే జంతువు, మంద పరుగెత్తినప్పుడు వెనుకబడిపోవడం దానికి భయం. అది పరుగును కోరుకొంటున్నదో, ఒంటరితనాన్ని తప్పించుకొంటున్నదో ఆ దూకుడును బట్టి తేల్చలేము. పైగా రౌతు లేని కొన్ని గుర్రాలు కంచె దగ్గరికి రాగానే పక్కకు తప్పుకొని పోతాయి.

గుర్రం ఇష్టాన్ని తేల్చడం కష్టమైనా, దాని అయిష్టం మాత్రం అచ్చులోనే దొరుకుతుంది. పందెపు పుస్తకాల్లో ప్రతి గుర్రం పేరు పక్కనా దాని గత ప్రదర్శన అంకెలతో, అక్షరాలతో ఉంటుంది: గెలుపోటముల స్థానాలకు అంకెలు, పడిపోతే ఎఫ్, రౌతు జారిపడితే యు, కంచె ముందు మొండికేసి దూకకపోతే ఆర్, రౌతే పగ్గాలు బిగించి మధ్యలో ఆపేస్తే పి. ఈ ఆర్ అన్న అక్షరం గుర్రం పలికిన కాదన్న మాట, కాని పుస్తకంలో అది లోపంగానే నమోదవుతుంది. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందన్న తెలుగు సామెత కూడా గుర్రం వెనుకంజను మనిషి చేతగానితనంగానే లెక్కించింది. పి అక్షరం ఆ సామెతకు ఎదురు నిలుస్తుంది. మూడో మైలులో కింద ఉన్న గుర్రం ఊపిరి తప్పుతున్నదనీ, అడుగు కుదరడం లేదనీ, తర్వాతి కంచెను అది దాటజాలదనీ తొడల ద్వారా, పగ్గాల ద్వారా గ్రహించి, చూసేవారి కేకలను పక్కనపెట్టి ఆగిపోయే రౌతు, గుర్రం కూలి చెప్పబోయే మాటను కూలకముందే విన్నవాడు. అలసిన గుర్రాన్ని అలాగే పరుగెత్తించడం పందెపు నియమాల ప్రకారం శిక్షించదగిన తప్పు. అంటే ఆ క్రీడ తన హద్దును తానే గుర్తించింది.

మహాభారతంలోని నలోపాఖ్యానం ఈ విచారానికి ఎంతో దగ్గరిది. జూదంలో సర్వం కోల్పోయిన నలుడు బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుడి రథం తోలుతూ, తాండ్ర చెట్టు కాయలనూ ఆకులనూ చూపుతోనే లెక్కకట్టిన రాజు నుంచి అక్షహృదయం, అంటే పాచికల మర్మం, గ్రహించి, దానికి బదులుగా అశ్వహృదయం, అంటే గుర్రాల మనసెరిగే విద్య, ఇస్తానని మాట ఇస్తాడు. ఒకటి లెక్క, మరొకటి హృదయం పట్టే నేర్పు. పందెపు మైదానంలో బుకీల బల్లల దగ్గర మొదటిదీ, గుర్రపు వీపు మీద రెండోదీ ఉంటాయి. 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అనీ, కేవలం అదృష్టపు జూదం కాదనీ తీర్పు చెప్పినప్పుడు, హైదరాబాదు మలక్‌పేట మైదానానికి కూడా వర్తించే ఆ తీర్పు తూచింది పందెం కాసేవారి సొమ్మును గురించిన ప్రశ్ననే. పందెం సొమ్మును మొత్తంగా తీసివేసినా గుర్రం మోసే ప్రమాదం తగ్గదు కనుక, సమాహ్వయం లేవనెత్తిన సందేహం ఆ తీర్పు తర్వాత కూడా యథాతథంగా ఉంది.

ఈ పందేలు ధర్మసమ్మతం కావాలంటే రౌతు ధైర్యం చాలదు. గుర్రం కాదన్నప్పుడు ఆగే నియమం ప్రతి కంచె దగ్గరా అమలు కావాలి, అది అమలు కాని చోట ఆ ఆట సాగే అర్హత కోల్పోతుంది. ఫలితాల పట్టిక చదివేవారు గెలిచిన గుర్రం పేరు దగ్గరే ఆగిపోక, కింద పి అక్షరం పడిన పేర్ల దాకా చదవాలి.