అరుదైన కార్డుకు చెల్లించే ధర

కిందటి సెలవుల్లో అమెరికా నుంచి ఒక కుటుంబం హైదరాబాద్‌లోని బంధువుల ఇంటికి వచ్చింది. జుమా నమాజు తర్వాత ఆ ఇంటి పెద్దాయన నన్ను ఆపి, "మౌలానా సాబ్, మా మనవడికి కాస్త నచ్చజెప్పండి. ఈదీ డబ్బంతా అట్టముక్కల మీద తగలేశాడు" అన్నారు. పన్నెండేళ్ళ కుర్రవాడు. బుద్ధిగా సలాం చేసి కూర్చున్నాడు. నేను జూదం గురించి నాలుగు మాటలు చెప్పానో లేదో, ఎంతో మర్యాదగా అడిగాడు: "హజ్రత్, జూదంలో ఓడినవాడికి ఏమీ రాదు కదా? నా ప్యాకెట్ ఎప్పుడూ ఖాళీగా ఉండదు. చెప్పినన్ని కార్డులు ప్రతిసారీ ఉంటాయి. మరి ఇది జూదం ఎలా అవుతుంది?"

ఆ పూట నా దగ్గర సరైన జవాబు లేదు. చిన్నపిల్లల మాట అని కొట్టిపారేయవచ్చు. కానీ అమెరికాలో కార్డుల కంపెనీల మీద ఇలాంటి దావాలే నడిచినప్పుడు, 2002లో అక్కడి అప్పీలు కోర్టు కూడా దాదాపు ఈ కుర్రవాడి మాటే అన్నది. కొన్నవారికి తాము బేరమాడిన ప్యాకెట్ దక్కింది, కోరుకున్న కార్డు రాలేదన్న నిరాశ ఆస్తి నష్టం కాదు అని! అందుచేత విషయాన్ని మొదటినుంచీ అర్థం చేసుకోవాలి.

ఈ తరహా ఆటలకు ఆద్యం 'మ్యాజిక్: ది గ్యాదరింగ్'. గణితశాస్త్రవేత్త రిచర్డ్ గార్ఫీల్డ్ దీన్ని రూపొందించగా, 1993లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే సంస్థ విడుదల చేసింది. పేకముక్కల్లా అందరికీ ఒకే కట్ట ఉండదు. ఎవరి కట్టను వారే కూర్చుకోవాలి. సాధారణ పోటీలకు కనీసం 60 కార్డులు కావాలి. ఒక్కో కార్డును నాలుగు ప్రతులదాకా పెట్టుకోవచ్చు. కార్డులేమో మూసిన ప్యాకెట్లలో అమ్ముతారు. లోపల ఏమున్నదో కొన్నాకగాని తెలియదు.

2008లో ఈ సంస్థ 'అరుదైన' కార్డులకు పైన 'మిథిక్' అనే మరో శ్రేణిని ప్రవేశపెట్టింది. ఆ నాటి ప్యాకెట్‌లో 15 కార్డులు ఉంటే, అరుదైనది ఒక్కటే. ఆ ఒక్కటి ఎనిమిది ప్యాకెట్లలో ఒకసారి మాత్రమే మిథిక్ అవుతుంది. ఆ ఏడు వచ్చిన సంపుటిలో మిథిక్ కార్డులు 15 రకాలు. అంటే మీరు కోరుకున్న ఒక ఫలానా కార్డు సగటున 120 ప్యాకెట్లకు ఒకటి వస్తుంది. నాలుగు ప్రతులు కావాలంటే 480. అప్పట్లో ప్యాకెట్ దాదాపు 4 డాలర్లు. లెక్క మీరే వేసుకోండి. (ఆ తర్వాత ప్యాకెట్ల కూర్పు మారింది గాని, మూత మాత్రం మూతగానే ఉంది.)

ఇప్పుడు ధర్మశాస్త్రం వైపు వద్దాం. అజ్ఞాన కాలపు అరబ్బులలో 'బైఉల్ హసాత్' అనే ఒక అమ్మకం ఉండేది. గుడ్డలు పరచి ఉంచేవారు. కొనేవాడు గులకరాయి విసిరితే అది ఏ గుడ్డ మీద పడితే ఆ గుడ్డ, ముందే అనుకున్న ధరకు, అతనిది. మహాప్రవక్త (స) ఈ అమ్మకాన్నీ, గరర్‌తో కూడిన అమ్మకాన్నీ వారించారని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. గరర్ అంటే సరుకు ఏమిటో, ఎలాంటిదో తెలియని అనిశ్చితి. గమనించండి, గులకరాయి బేరంలో కూడా చేతికి ఏదో ఒక గుడ్డ తప్పకుండా వస్తుంది. ఎవరూ వట్టి చేతులతో పోరు! అయినా వారించారు. కుర్రవాడికి నేను రెండోసారి కలిసినప్పుడు చెప్పిన జవాబు ఇదే.

అతను ఊరుకుంటాడా? "మరి పుచ్చకాయ లోపల ఎర్రగా ఉందో లేదో తెలియకుండానే కొంటాం కదా" అన్నాడు. అక్రోటు కాయ కూడా అంతే. నిజమే. ఇమామ్ నవవీ (రహ్మలై) వంటి పండితులు స్వల్పమైన గరర్ క్షమార్హమని, జుబ్బా లోపలి దూదిని, ఇంటి పునాదిని ఉదాహరణగా చూపారు. అయితే పుచ్చకాయకు తొక్క పెట్టింది అల్లాహ్. రైతుకు కూడా లోపల ఏమున్నదో తెలియదు. తెలియకపోవడాన్ని అతను అమ్మడంలేదు, పండును అమ్ముతున్నాడు. కార్డుల ప్యాకెట్‌కు మూత పెట్టింది అమ్మకందారు. తెరిచి అమ్మడానికి అతనికి ఏ అడ్డంకీ లేదు. కానీ తెరిస్తే అంత ధర పలకదు. అప్పుడు ఇక్కడ సరుకు కార్డా, మూతా?

నేను ఆ అబ్బాయిని ఒక్కటే అడిగాను: "ఈ ప్యాకెట్‌లో అరుదైన కార్డు ఉండదని ముందే చెబితే 4 డాలర్లు ఇస్తావా?" ఒక క్షణం ఆలోచించి, ఇవ్వనన్నాడు. మిగతా పద్నాలుగు కార్డులను వాళ్ళు ఏం చేస్తారని అడిగితే, చాలాసార్లు దుకాణంలోనే బల్లమీద వదిలేసి వస్తారట.

వస్తువులతోపాటు బహుమతి కూపన్లు ఇచ్చే వ్యాపారంపై సమకాలీన ముఫ్తీలలో కొందరు రెండు షరతులతో సమ్మతి తెలిపారు. బహుమతి పేరుతో ధర పెంచకూడదు. కొనేవాడి ఉద్దేశ్యం వస్తువే అయి ఉండాలి. ఈ రెండు షరతులను అబ్బాయి జవాబు పక్కన పెట్టి చూస్తే మూసిన ప్యాకెట్ నిలవడం కష్టమని నా అవగాహన. 2001లో సౌదీ పండితులు పోకెమాన్ కార్డులను నిషేధించినప్పుడు చూపిన కారణాలలో జూదంతో పోలిక కూడా ఒకటి. దానితోపాటు గుర్తుల గురించి వచ్చిన ఆరోపణలను పక్కన పెట్టినా, ఈ అభ్యంతరం మాత్రం మిగులుతుంది.

చిత్రమేమిటంటే, 1993 నాటి మ్యాజిక్ నియమాలలో బాహాటమైన పందెం కూడా ఉండేది. ఆట మొదట్లో ఇద్దరూ తలా ఒక కార్డును పక్కన పెట్టాలి, గెలిచినవాడు రెండూ తీసుకుపోతాడు. మా చిన్నప్పుడు గోళీలాటలో చేసింది ఇదే. మా ఉస్తాద్ పట్టుకొని ఎవరి గోళీలు వారికి తిరిగి ఇప్పించారు. కంపెనీ కూడా ఆ పందెం నియమాన్ని కొన్నేళ్ళకే వదిలేసింది. ప్యాకెట్‌లోని అదృష్టాన్ని వదల్లేదు.

ఇక విడి కార్డు విషయం వేరు. దుకాణంలో కార్డు కళ్ళముందు ఉంది, ధర తెలుసు, ఇద్దరూ సమ్మతించారు. ఈ అమ్మకాన్ని జూదం అనలేము. కాగితం ఖరీదు అందరికీ ఒకటే అయినప్పుడు ఇంత ధర అన్యాయం కాదా అని కొందరు అడుగుతారు. మదీనాలో ధరలు పెరిగినప్పుడు ధర నిర్ణయించమని సహాబాలు కోరితే మహాప్రవక్త (స) నిరాకరించారు. కాబట్టి ఎక్కువ ధర దానంతట అదే పాపం కాదు. 'బ్లాక్ లోటస్' అనే కార్డు 1993లో మూడు డాలర్లు కూడా లేని ప్యాకెట్లలో వచ్చింది. 2021లో దాని ప్రతి ఒకటి 5 లక్షల 11 వేల డాలర్లకు అమ్ముడైంది. అమ్మినవాడిని నేను తప్పు పట్టను. కొన్నవాడు మాత్రం దుబారాను గురించి బనీ ఇస్రాయీల్ సూరా 26, 27 ఆయతులు చదువుకోవాలి.

నన్ను ఎక్కువ బాధించేది మరొకటి. 1996లో కంపెనీ కొన్ని పాత కార్డులను మళ్ళీ ముద్రించబోమని ప్రకటించింది. ఆ ముందు ఏడాది పాత కార్డులు కొన్నింటిని తిరిగి ముద్రిస్తే, దాచుకున్నవారి దగ్గరి కార్డుల విలువ పడిపోయిందని గోల చేశారు. కరువు పంట పోయినందువల్ల రాలేదు, మాట ఇచ్చినందువల్ల వచ్చింది. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) ప్రజలకు హాని కలిగించేలా ఏ వస్తువును బిగబట్టినా అది ఇహ్తికారే అన్నారు. మిగతా హనఫీ ఇమాములు దాన్ని ఆహారానికే పరిమితం చేశారు. ఆటకార్డు లేక ఎవరూ పస్తులుండరు, కనుక ఆ తీర్పును ఇక్కడికి లాగను. కానీ బల్లకు అటువైపు కూర్చున్న పిల్లవాడి సంగతి? అతని తెలివి తక్కువేమీ కాదు, తండ్రి జీతం తక్కువ. మూడో ఎత్తులోనే అతనికి ఆట అయిపోయిందని తెలుస్తుంది. ఈ కుర్రవాడు దీన్ని తానే ఒప్పుకున్నాడు. వాళ్ళ బడిలో ఒక సోమాలీ అబ్బాయి కొన్నాళ్ళు ఆడి మానేశాడట.

"కార్డు పేరు తెల్ల కాగితం మీద రాసి ఆడుకుంటే మోసమా?" అని అడిగాడు. ఇంట్లో, నకలు అని చెప్పి, అమ్మకుండా ఆడుకుంటే మోసం కాదన్నాను. అధికారిక పోటీల్లో ఒప్పుకోరు, అది వారి షరతు, అక్కడ పాటించాలి. ఆ సోమాలీ అబ్బాయికి అలా ఒక కట్ట రాసి ఇస్తానన్నాడు.

తిరుగు ప్రయాణానికి ముందు మరో ప్రశ్న తెచ్చాడు. ఈదీ డబ్బుతో కొన్న ప్యాకెట్‌లో ఒకసారి మంచి కార్డు వస్తే 40 డాలర్లకు అమ్మాడు. ఆ డబ్బు తనదేనా? సరిగాలేని బేరంలో చేతికొచ్చిన వస్తువును తిరిగి అమ్మితే లాభం ఎవరిదన్నది ఫిఖ్హ్‌లో సున్నితమైన విషయం. తొందరపడి చెప్పలేక మా ఉస్తాద్‌కు ఉత్తరం రాశాను. ఇంకా జవాబు రాలేదు. వాళ్ళు విమానం ఎక్కేరోజు ఆ కుర్రవాడు రెండు ఇరవై డాలర్ల నోట్లను కవరులో పెట్టి, జవాబు వచ్చేదాకా ఉంచమని తాత చేతికిచ్చి వెళ్ళాడు.