క్లచ్ దోషం, అనుమాన ప్రమాణం

మోటారుసైకిల్ గేరు గట్టిగా పడుతోందన్నది చేతికీ కాలికీ తెలిసే ప్రత్యక్షం. దాని కారణం మాత్రం కవరు వెనక, నూనెలో, కంటికి అందని చోట ఉంటుంది. కనిపించే గుర్తు నుంచి కనిపించని కారణాన్ని తెలుసుకోవడాన్ని తర్కం చెప్పే న్యాయదర్శనం అనుమానం అంది. అది ఎప్పుడు జ్ఞానమవుతుంది, ఎప్పుడు ఉత్త ఊహగా మిగిలిపోతుంది అన్నదే ప్రశ్న.

విప్పి చూడటం ఒక దారి. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో 1893లో తెలుగు రైతు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు ఆ దారి పట్టాడు. ఒక ఆంగ్లేయ అధికారి నడిపే మోటారుసైకిల్‌ను చూసి మోజుపడి, హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో దాన్ని కొని, భాగాలన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. 1920లో పొళ్ళాచ్చి, పళని మధ్య బస్సు నడపడం మొదలుపెట్టాడు. ఆ ప్రాంతపు తెలుగువారిలో యంత్రవిద్య పెరిగిన తీరుకు ఇదొక మంచి ఉదాహరణ. అయినా గేరు మొరాయించిన ప్రతిసారీ ఇంజను విప్పడం కుదిరే పని కాదు. అక్కడే అనుమానం అవసరమవుతుంది.

పదిహేడో శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం నేటికీ తర్క విద్యార్థుల తొలి పాఠం. గుర్తుకూ కారణానికీ విడదీయరాని సంబంధం, అంటే వ్యాప్తి, ఉంటేనే అనుమానం నిలుస్తుందని తార్కికుల మాట. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుప గుండే సాక్ష్యం. పొగ పుట్టాలంటే తడి కట్టె తోడు కావాలి. అలా చాటున ఉండే షరతుకు ఉపాధి అని పేరు. దాన్ని పట్టించుకోని అనుమానం దారి తప్పుతుంది.

హైడ్రాలిక్ క్లచ్‌లో ఈ ఉపాధి స్పష్టంగా కనబడుతుంది. లివర్ నొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ ద్రవాన్ని నెడుతుంది. ఆ ఒత్తిడికి స్లేవ్ సిలిండర్ పుష్‌రాడ్‌ను తోస్తుంది, ప్లేట్లు విడిపోతాయి. బ్రేకులతో పరిచయమున్న మెకానిక్కు ఒక వ్యాప్తి తెలుసు: ప్యాడ్లు అరిగేకొద్దీ రిజర్వాయర్‌లో ద్రవమట్టం తగ్గుతుంది. అదే సూత్రాన్ని క్లచ్‌కు వర్తింపజేస్తే తలకిందులవుతుంది. బ్రేకులో ద్రవమే ప్యాడ్లను అదుముతుంది; క్లచ్‌లో అదిమేది స్ప్రింగులు, ద్రవం వాటిని విడదీస్తుంది అంతే. అందుకే క్లచ్ ప్లేట్లు అరిగేకొద్దీ స్లేవ్ పిస్టన్ వెనక్కి జరిగి, మట్టం పెరుగుతుంది. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. తగ్గిందనుకుని అంచుదాకా నింపేస్తే, పైకి వచ్చే ద్రవానికి చోటు లేక, లివర్ వదిలాక కూడా ఒత్తిడి మిగిలి క్లచ్ జారే ప్రమాదం ఉంది. ద్రవం ఒకటే, సిలిండర్ ఒకటే, గుర్తు ఒకటే. అర్థం మాత్రం వేరు.

గేరు గట్టిపడటం అనే గుర్తుకు కారణాలు అనేకం. అందువల్ల అదొక్కటే దేనికీ రుజువు కాదు. తార్కికులు చెప్పే అన్వయ వ్యతిరేకాలు, అంటే ఇది ఉంటే అది ఉండటం, ఇది లేకపోతే అది లేకపోవడం, ఇక్కడ పనికొస్తాయి. బండిని స్టాండు వేసి, ఇంజను ఆపి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ గేర్లు మార్చాలి. అప్పుడు సాఫీగా పడి, ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రమే మొరాయిస్తే, క్లచ్ పూర్తిగా విడవడం లేదన్న మాట బలపడుతుంది. ఆగి ఉన్నప్పుడూ గట్టిగానే ఉంటే షిఫ్ట్ లివర్ లింకునూ, గేరు ఫోర్కులనూ అనుమానించాలి. క్లచ్ దగ్గరే దోషమనిపిస్తే లివర్‌ను వరసగా నాలుగైదుసార్లు నొక్కి చూడాలి. గేరు తేలికగా పడితే గొట్టంలో గాలి చేరిందో, మాస్టర్ సిలిండర్ సీలు అరిగిందో. లివర్ గట్టిగానే ఉండి తేడా కనబడకపోతే, వంగిన స్టీలు ప్లేట్లో, గాట్లు పడిన క్లచ్ బాస్కెట్టో కారణం కావచ్చు. చల్లని ఇంజనులో మొదటి గేరు ఠంగున పడటం చాలాసార్లు చిక్కటి నూనె పని. దానికి క్లచ్ మార్పించడం అన్యాయం.

గాలి తీయడం చిన్న పనే: లివర్ నొక్కి, బ్లీడ్ నిపుల్ తెరిచి, మూసి, అప్పుడు లివర్ వదలాలి. రిజర్వాయర్ ఎండిపోకూడదు. డాట్ 4 ద్రవం తేమను పీలుస్తుంది కనుక సుమారు రెండేళ్ళకోసారి మార్చాలి. మినరల్ ఆయిల్ వాడే బండిలో డాట్ 4 పోస్తే సీళ్ళు పాడవుతాయి. మూత మీద రాసినదే ప్రమాణం.

నాయకరాజుల కాలం నుంచి తెలుగువారున్న మధురైలోనూ, కోయంబత్తూరులోనూ ఆయుధపూజ నాడు లేతు యంత్రం మొదలు మోటారుసైకిల్ దాకా గంధం, కుంకుమ అందుకుంటాయి. ఆ పూజ మూఢత్వమా అని అడిగేవారున్నారు. వైదిక కర్మలను విచారించే మీమాంసకులకు ఇందులో ఒక కొలమానం ఉంది: కంటికి కనబడే ఫలం దొరికే చోట కనబడని ఫలాన్ని కల్పించుకోనక్కరలేదు. పూజకు ముందు బండి కడిగి తుడుస్తారు. స్లేవ్ సిలిండర్ చుట్టూ చెమ్మ బయటపడేది ఆ తుడుపులోనే. అది దృష్టఫలం. కృతజ్ఞత దాని పక్కన వేరుగా నిలవవచ్చు, దానికి ఏ తర్కమూ అడ్డు చెప్పదు. కుంకుమ పెట్టినందుకు గొట్టంలో గాలి పోతుందనుకోవడం మాత్రం వ్యాప్తి లేని అనుమానం. గాలి పోవాలంటే నిపుల్ తెరవాల్సిందే.