తెప్ప బాకీ

టెక్కలి,
కనుమ వెళ్లిన నాలుగోనాడు.

చిరంజీవి చిన్నాకి అత్త ఆశీస్సులు.

నువ్వు పెట్టిన వీడియో మా పిల్లలు చూపించారు. బాగుందిరా, అబద్ధమెందుకు. పైనుంచి చూస్తే తేలినీలాపురం చింతచెట్లు తెల్లగా పూసినట్టున్నాయి. కింద మాత్రం "ఎవరికీ తెలియని ఊరు" అని రాశావు. ఆ ఊళ్లో ఉన్నవాళ్లకి కూడా తెలియదా? ఏటా వర్షాలు వెనకబట్టాక వచ్చి గూళ్లు కట్టే గూడబాతులకీ ఎర్రకాళ్ల కొంగలకీ తెలుసు. పెరట్లో బట్టలారేసుకునే వీల్లేక, నీచు వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటూనే, అవి రాని ఏడు ఊరికి మంచిది కాదని సర్దుకుపోయే ఆడవాళ్లకి తెలుసు. కొత్తగా తెలిసింది నీకే.

తిట్టడానికి కూచోలేదులే. వేరే సంగతి చెప్పాలి.

మీ బాబాయి మోకాలి లోతు దాటి నీళ్లలో దిగడని మీరంతా ఆటపట్టిస్తారు. మొన్న చెరువు గట్టు మీదా అదే గోల. వాడూ నవ్వేసి ఊరుకుంటాడు. ఎందుకో మీకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినదాన్ని నేనే గనక.

1978 రథసప్తమి. నాకు ఇరవై ఒకటి, టీచర్ ట్రైనింగు. ఊళ్లు తిరగడమంటే నాకూ నీలాగే పిచ్చి, ఈ రోగం నీకు మా వైపు నుంచే వచ్చింది. అప్పటికే శ్రీముఖలింగం చూశాను. శివుడు ఇప్పచెట్టు మొదలులో వెలిశాడంటారు, అందుకే మధుకేశ్వరుడు. ఆ గుడి గోడల మీది శాసనాలు చదవడం గిడుగు రామమూర్తిగారు ఎవరి సాయం లేకుండా నేర్చుకున్నారని మా మాస్టారు చెబితే రాళ్లని తడిమి తడిమి చూశాను. 1919లో శాలిహుండం కొండమీది బౌద్ధ శిథిలాలని బయటపెట్టిందీ ఆయనే. ఆయన సవరలకి చదువు చెప్పాలనుకున్నప్పుడు ఏం చేశారో తెలుసా? సవర భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ముందు వాళ్ల మాట నేర్చుకున్నారు. తర్వాత నేను ఆ కథ పిల్లలకి ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను. ఆ రోజు అసలు వేళకి మాత్రం గుర్తు రాలేదు.

అరసవల్లి దర్శనమయ్యాక ఇంటికి రాకుండా, పన్నెండేళ్ల తమ్ముణ్ణి వెంటేసుకుని కళింగపట్నం బస్సెక్కాను. వంశధార సముద్రంలో కలిసేచోటుని అక్కడ మొగ అంటారు. ఒడ్డున ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు, "పాటు మొదలైందమ్మా, మొగలో దిగకండి, లాగేస్తాది." నీళ్లు చూస్తే మోకాలి లోతే. చదువుకున్నదాన్ని కదా! ఆ ఎదురుగా ఉన్న ఇసుకదిబ్బ దాకా పదరా అన్నాను. నడిమధ్యకి వెళ్లేసరికి మీ బాబాయి కాళ్ల కింద ఇసుక జారిపోయింది. వాడి తల నల్లటి ముంతలా తేలుతూ సముద్రం వైపు పోవడం ఇప్పటికీ కళ్లు మూస్తే కనిపిస్తుంది.

ఆ ముసలాయన తెప్ప తోసుకుని వెళ్లాడు. పిల్లాణ్ణి జుట్టు పట్టి లాగి తెచ్చాడు. తెప్ప మాత్రం కెరటాల్లో అడ్డం తిరిగి కట్లు తెగింది, దుంగలు తలోవైపు కొట్టుకుపోయాయి, వాటితో వలా పోయింది. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. పిల్లడికి వేన్నీళ్లు పొయ్యమన్నాడు, అంతే. నా కొంగున పదకొండు రూపాయలున్నాయి. ఇవ్వబోయి, అంతేనా అనుకుంటాడేమోనని సిగ్గేసి, మానేశాను. నాలుగింటి బస్సుకి వచ్చేశాం. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని తమ్ముడి చేత ఒట్టు వేయించుకున్నాను.

ఉద్యోగమొచ్చాక 1982లో జీతం డబ్బు పట్టుకుని వెళ్లాను. ఆయన లేడు. విశాఖ హార్బరులో పరాయి బోటు మీద కూలికి పోయాడట. "తెప్ప పోయింది కదమ్మా" అంది భార్య, నేనెవరో తెలియకుండానే. చెప్పాను. ఆవిడ డబ్బు తీసుకుని, లెక్కపెట్టి, ముడేసుకుంది. లోపలికెళ్లి ఎండు నెత్తళ్లు పొట్లం కట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. దారి పొడుగునా ఒళ్లో ఆ పొట్లం. తినలేదు, పారెయ్యనూ లేదు.

ఇప్పటి తిరుగుళ్లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఊరెళ్లి ఊరివాడితో మాట్లాడరు, ఫోన్ చెప్పినచోట మలుపు తిరుగుతారు. శాలిహుండం మెట్ల మీద బిర్యానీ పొట్లాలు. శ్రీకూర్మంలో దేవుడి తాబేళ్ల పక్కన మూతి వంకర్లు పెట్టి ఫొటోలు. ముసలిదాని సణుగుడు అనుకో, పరవాలేదు.

ఇక పని మాట. తేలినీలాపురంలో నా దగ్గర చదువుకున్న పిల్ల ఉంది. నీ డ్రోన్ శబ్దానికి పెద్దపక్షులు ఒక్కసారిగా లేచాయట, గూళ్లలోంచి రెండు పిల్లలు జారిపడ్డాయట. ఒకటి చచ్చిపోయింది. ఒకావిడ వద్దు బాబూ అని చెప్పిందట కూడా. వీడియో ఈ రాత్రే తీసెయ్. లక్షమంది చూశారని చెప్పకు.

వచ్చే శనివారం రైలెక్కి నౌపడాలో దిగు. ఆ డ్రోన్ హైదరాబాదులోనే ఉండనీ. ఊళ్లోకి నడిచి వెళ్లి ఆ వద్దన్న ఆవిడ ఎవరో అడిగి, తప్పయిందని చెప్పు. బతికిన పిల్లకి చేపలెవరు కొంటున్నారో కనుక్కుని, డబ్బులివ్వు. పదకొండు రూపాయలని సిగ్గుపడి నాలాగ ఊరుకోకు. మర్నాడు పొందూరు వెళ్లు. వాలుగ చేప దవడతో కొండపత్తిని దువ్వే ముసలమ్మ పక్కన గంటసేపు ఉత్తినే కూచో, ఫోన్ జేబులోంచి తియ్యకు. వచ్చేటప్పుడు మీ నాన్నకి పంచె కొను, బేరమాడకు.

కళింగపట్నం వెళ్లేటట్టయితే ముందు చెప్పు, నేనూ వస్తాను. బాబాయినీ పిలు. ఒడ్డునే కూచుంటానంటే కూచోనియ్యి.

మీ
అత్త