నీ బలమేమి?

సివిల్ సర్వీసుల ఎంపికలో మొత్తము 2025 మార్కులకు 275 మార్కులు ముఖాముఖి పరీక్షవి. అందులో అభ్యర్థి చురుకుదనము, తీర్పులో సమతూకము, నైతిక నిష్ఠ చూడవలెనని నియమము. ప్రియులారా, అరగంటలో మనిషి తూగునా? ఏలీయాబు ఎత్తును చూచి సమూయేలు ప్రవక్తయే పొరబడెను గదా! గెజిటెడ్ కాని ఉద్యోగములకు కేంద్ర ప్రభుత్వము 2016 జనవరి 1 నుండి ఇంటర్వ్యూలు తీసివేసినది. సిఫారసుల బెడద తగ్గును, మంచిదే. అయితే జవాబు పత్రమునకు మాత్రము నిజాయితీ కనబడునా?

ఇంటర్వ్యూకు పోవుచున్న యువకుడొకడు మాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, నీ బలమేమని అడిగితే ఏం చెప్పాలండీ?” అనెను. అతడు పాలకేంద్రములో లెక్కలు వ్రాసినవాడు. ఒకమారు తన పొరబాటున రొక్కము తగ్గగా, ఎవరును కనిపెట్టకముందే అందరియెదుట ఒప్పుకొని, తానే కట్టెను. అదే చెప్పుమంటిమి.

“అది నా తప్పు కదండీ, బలమెట్లా అవుతుంది?” అని నవ్వెను. వినువారు దానినెట్లు తీసికొందురో, మాకును దిగులుగానే యున్నది.