ఓర్పు ఎవరి గుణం?

మా వాళ్ల ఓర్పును పొగడని పెద్దమనిషి మా ఊళ్లో లేడు. "మీ అమ్మది భూదేవంత ఓర్పురా" అంటారు. పొద్దస్తమానం కలుపు తీసి, కూలికి రేపు రమ్మంటే రేపు, ఎల్లుండి రమ్మంటే ఎల్లుండి వెళ్లిన మనిషి మా అమ్మ. ఆ పొగడ్తలో మోసమేదో ఉందని చిన్నప్పటినించీ నాకు అనుమానం. అదేంటో బీయిడీ చదువులో దొరకలేదు. విజయవాడ ఆటోనగర్లో, మా చిన్నాన్న కొడుకు షెడ్డులో దొరికింది.

మా తాత లందలో తోళ్లు ఊని మోటబానలు కుట్టేవాడు. చేలల్లోకి ఆయిలింజన్లూ కరెంటు మోటర్లూ వచ్చాక ఆ పని పోయింది. తాత పని తీసేసిన ఇంజను కిందే ఇప్పుడు మనవడు వెల్లకిలా పడుకుంటాడు.

కారు ఇంజను నేరుగా చట్రమ్మీద కూచోదు. మధ్యన మౌంటింగులుంటాయి, ఇనప రేకులకు అతికించిన రబ్బరు. అది ఇంజను బరువు మొయ్యాలి, అదురు మింగాలి. లోపల కూచున్నాయనకు బండి మెత్తగా పోతుంది. ఆ మెత్తదనం ఎక్కణ్ణించొచ్చిందో ఆయనకి పట్టదు. వేడికీ, కారే ఆయిలుకీ రబ్బరు పగిలి ఇనుమునించి ఊడినప్పుడు స్టీరింగు వణుకుతుంది, గేరు వేస్తే ధబ్బుమంటుంది. అప్పుడు గుర్తొస్తుంది.

తమ్ముడు బానెట్టెత్తి, హ్యాండ్‌బ్రేకు లాగించి, కుర్రాణ్ణి బ్రేకు తొక్కిపట్టి క్లచ్చి కొద్దికొద్దిగా వదలమన్నాడు. పక్కనుంచి ఇంజను ఎంత లేస్తోందో చూశాడు. ఆయిల్ చాంబరు కింద చెక్కా, దాని కింద జాకీ పెట్టాడు.

"బోల్టులిప్పకుండా జాకీ ఎందుకురా?"

"మోసేదాన్ని తియ్యాలంటే ముందు బరువెత్తాలి గదన్నా."

"పోయింది ఒకటేగా, ఒకటే మార్చు" అన్నాడు బండాయన. "దాని బరువు మిగతావాటి మీదే పడుంటదండీ. అన్నీ చూడాలి" అన్నాడు తమ్ముడు.

రబ్బరుకే ఇంత లెక్కుంది. మనిషి ఓర్పుకి ఊరు ఏ లెక్కా పెట్టలేదు. మనిషి పగిలితే పొగరెక్కిందంది. కులం పనుల్నే కాదు, పనివాళ్లనే మెట్లుమెట్లుగా విడగొట్టిందని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో చెప్పారు. కింది మెట్టువాడి ఓర్పే పైమెట్టువాడి సుఖం.

అందరూ ఓర్పు మానేస్తే సంఘం నిలుస్తుందా అని ఒక తోటి మాస్టారు అడిగారు. రబ్బరుని మొయ్యడానికే చేశారు. మనిషినలా ఎవరూ చెయ్యలేదు. తనంతట తాను ఎత్తుకున్న బరువు, అందరూ వంతులేసుకున్న బరువు మోస్తే అది గుణం. ఒకడి నెత్తినే పెట్టి పొగిడితే అది దోపిడీ.

ఓర్పు మీద పాఠమొస్తే ఇప్పుడు పిల్లల్నొక ప్రశ్న అదనంగా అడుగుతున్నా: ఆ బరువు ఎవరిది?