అభ్యాఖ్యానము

పావగడ తాలూకాలోని నిడుగల్లు కొండపై 1232లో పార్శ్వజినునికి బసది కట్టించినట్లు శాసనము గలదు. ఆ శతాబ్దముననే పాల్కురికి సోమనాథుని బసవపురాణములో జైనులు శివద్రోహులైరి. తరువాత మెకంజీ సేకరింపించిన కొన్ని కైఫీయతులలో, రాజులు వారిని గానుగలలో ఆడించిరను కథ చేరెను. నేడు మిగిలినది తీర్థంకర విగ్రహము క్రింద నిధి గలదనెడి వదంతి. మతము పేర పుట్టిన నింద ధనము పేర బ్రతుకుచున్నది. దానివలన పగిలిన విగ్రహము లెన్నో!

1368లో పొరుగుననున్న పెనుగొండ మొదలగు నాడుల జైనులు శ్రీవైష్ణవులవలన తమకు కలిగిన బాధను విన్నవించుకొనగా, బుక్కరాయలు వారి చేతిని వైష్ణవుల చేతిలో నుంచి, ఉభయ దర్శనములకు భేదము లేదని శాసించెను. జైనుల ఇంటికొక హణము చొప్పున కూర్చి, బెళుగొళకు ఇరువదిమంది కాపలాదారులను నియమించు భారము తిరుమల తాతయ్యకే, అనగా వైష్ణవునికే, అప్పగింపబడెను.

ప్రతిక్రమణమున చెప్పుకొను పదునెనిమిది పాపస్థానములలో పదుమూడవది అభ్యాఖ్యానము, లేని దోషమును ఒరులకు అంటగట్టుట. అంగడిలో బేరము నడుమ, చేతి ఫోనులో వచ్చిన అన్యమతస్థుల కుట్రకథను వినిపించు వర్తకుడు మనలోను గలడు. ఉప్పు బస్తానైనను తూచక దించుకొననివాడు! అడిగినచో, ‘నేను కల్పించినది కాదు, విన్నదే చెప్పితిని’ అనును. గానుగ కథ చెప్పినవారును విన్నదే చెప్పిరి.